పాట ఎక్కడుందని అడిగినవాళ్లదీ న్యాయమే: ‘వూడూ’ ఆల్బమ్ మీద పాతికేళ్ల పంచాయితీ

2025 అక్టోబరు 14న అమెరికన్ గాయకుడు డియాంజెలో క్యాన్సర్‌తో చనిపోయాడు. వయసు 51. ఆ వారమంతా సంగీతం మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆయన 2000లో తెచ్చిన ‘వూడూ’ ఆల్బమ్‌ను మళ్లీ తీసి విన్నారు, తెలిసినవాళ్లకు పంపారు. నేను దాన్ని నల్లగొండలో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడికి పంపాను. గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగుతూ, ఫోన్‌ను గ్లాసుకు ఆనించి, స్పీకర్ పెట్టి విన్నాడు. నాలుగు నిమిషాలకే ఆపేశాడు.

“గిదేంది మామా, పాట షురువే అయితలేదు. పక్క రూమ్‌ల ఎవరో గొణుగుతున్నట్టుంది.”

అదే సాయంత్రం కార్ డెకార్స్ షాపు నడిపే మా దోస్తు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. కొత్తగా స్పీకర్లు బిగించిన ఒక కారులో కూర్చుని, తలుపులేసి, అదే పాట పెట్టాం. ఈసారి మేనల్లుడు ఏమీ అనలేదు. రెండో నిమిషం నుంచి మెడ దానంతటదే ఊగుతోంది. ముందు సీట్లోంచి దోస్తు వెనక్కి తిరిగి, “అద్దాలు వణుకుతున్నయ్ అన్నా, గని చెవికి నొప్పి లేదు” అన్నాడు.

అదే పాట, అదే మనిషి, అదే రోజు. ఒక చోట ‘పాటే లేదు’, ఇంకో చోట నోట మాట లేదు. ఈ ఆల్బమ్ మీద పాతికేళ్లుగా సమీక్షకులూ శ్రోతలూ అన్న మాటలన్నీ కలిపి చూస్తే ఈ రెండు మాటల మధ్యనే తిరుగుతాయి. ఒకరు కళాఖండం అంటారు, ఒకరు సాగదీత అంటారు. ఇద్దరూ విన్నది ఒకటేనా అన్నది ముందు తేల్చుకోవాలి. నా అనుమానం ఏమిటంటే, చాలాసార్లు కాదు.

‘బేస్’ అనే ఒక్క మాటలో మూడు సంగతులు

మన దగ్గర ‘బేస్’ అనే మాట రోజూ వినపడేదే. ‘బేస్ పెంచు’ అంటే యాంప్లిఫయర్ మీది నాబ్ తిప్పమని. ‘ఆ డీజేకు బేస్ మస్తుంది’ అంటే బరాత్‌లో గుండె మీద తన్నినట్టుండే ధమ్ ధమ్. మూడోది బేస్ గిటార్. మామూలుగా నాలుగు లావు తీగలతో, అన్నిటికంటే కింది స్వరాలు పలికే వాయిద్యం.

డీజే బాక్సులోంచి వచ్చే ధమ్ ఎక్కువగా ఒకే ఎత్తులో పడే దెబ్బ. అడుగు వేయడానికి అది చాలు. బేస్ గిటార్ అలా కాదు. అది స్వరం మీద నడుస్తుంది, ఎక్కుతుంది, దిగుతుంది, ఒక్కోసారి ఆగి చోటిస్తుంది. దరువుకీ రాగానికీ మధ్య వంతెన అదే. ‘బేస్ నడిపించే ఆల్బమ్’ అంటే చప్పుడు ఎక్కువున్న ఆల్బమ్ అని కాదు. పాటకు దారి చూపే పని గొంతు దగ్గరో గిటార్ దగ్గరో కాకుండా ఆ కింది తీగల దగ్గర ఉందని.

ఇది మనకు కొత్త అనుభవమేమీ కాదు. 1980లలో వచ్చిన ఇళయరాజా పాటల్ని ఒకసారి గొంతును వదిలేసి వినండి. కింద బేస్ గిటార్ తన సొంత బాణీతో ఇంకో పాట నడుపుతుంటుంది. అది తీసేస్తే పల్లవి అలాగే ఉంటుంది, పాట మాత్రం కూలిపోతుంది. అయినా క్యాసెట్ కవర్ మీద గాయకుల పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు ఉండేవి. బేస్ వాయించినాయన పేరు ఉండేది కాదు. అమెరికాలోనూ అంతే. మోటౌన్ అనే రికార్డు కంపెనీ 1960లలో ఎన్ని హిట్లు ఇచ్చిందో లెక్కలేదు. వాటిలో చాలావాటికి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరు ఆ కంపెనీ ఆల్బమ్ కవర్ మీద పడడానికి 1971 దాకా పట్టింది. కింద వినపడేదాన్ని లెక్కలోకి తీసుకోని అలవాటు రెండు దేశాల్లోనూ ఉంది. శ్రోతలం మనమూ ఆ అలవాటులోనే పెరిగాం.

ఫోన్ స్పీకర్‌లో పోయేదేమిటి

కొన్ని అంకెలు చూద్దాం. బేస్ గిటార్ నాలుగు తీగల్ని వేలు పెట్టకుండా మీటితే సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్‌ల స్వరాలు పలుకుతాయి. అంటే అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్ద తరంగం పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది, అంటే దాదాపు 27 అడుగులు. మన ఇళ్లలో చాలా గదులు అంత పొడవుండవు. వేలి గోరంత ఉన్న ఫోన్ స్పీకర్ అంత పెద్ద తరంగాన్ని ఎక్కడినుంచి పుట్టిస్తుంది? గాలిని అంత నెట్టే శక్తి దానికి లేదు. కొన్ని వందల హెర్ట్జ్‌ల కింద దాని గొంతు పడిపోతుంది.

అయితే ఫోన్‌లో బేస్ అసలే వినపడదా అంటే అదీ కాదు. ఏ తీగైనా ఒక్క స్వరమే పలకదు. 41తో పాటు 82, 123, 164, 205 ఇలా పైపై రెట్లు కూడా సన్నగా పలుకుతాయి. ఫోన్ కింది వాటిని మింగేసినా పై వాటిని వినిపిస్తుంది. వాటి మధ్య దూరం 41 అని పసిగట్టి, లేని అడుగు స్వరాన్ని మన మెదడు తనంతట తానే నింపుకుంటుంది. సినిమా పాటలు ఫోన్‌లో ఫర్వాలేదనిపించడానికి ఇదొక కారణం.

‘వూడూ’కి వచ్చేసరికి ఈ సదుపాయం కూడా తగ్గుతుంది. ఇందులో ఎక్కువ పాటలకు బేస్ వాయించింది పీనో పల్లాడినో, వేల్స్ దేశస్థుడు. ఆయన వాడినవి పైన చదునుగా చుట్టిన తీగలు. మామూలు తీగలు టంగుమని మోగితే ఇవి మెత్తగా, మొద్దుగా, గుడ్డ కప్పినట్టు మోగుతాయి. అంటే ఆ పై రెట్లు తక్కువ. మెదడు పట్టుకోవడానికి ఆధారం తక్కువ. అందుకే ఫోన్‌లో ఈ ఆల్బమ్ మధ్యలో గుంత పడినట్టు ఉంటుంది. మా వాడు ‘పాట షురువే అయితలేదు’ అన్నది అబద్ధం కాదు. వాడు విన్నదాంట్లో పాటను మోసే మనిషి నిజంగానే లేడు.

సౌండ్ తక్కువ పెట్టి వినేవాళ్లకు ఇంకో ఇబ్బంది. మన చెవి నడిమి స్వరాల్ని చిన్న చప్పుడులోనూ పట్టుకుంటుంది, అడుగు స్వరాల్ని మాత్రం సౌండ్ పెరిగితే తప్ప పట్టించుకోదు. ఇది 1930ల నుంచీ కొలిచి చూసిన సంగతే. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక మెల్లగా పెట్టుకుని వింటే, మంచి స్పీకర్లున్నా గొంతే మిగులుతుంది, బేస్ జారిపోతుంది.

నియో సోల్ అన్న పేరు, అందులో జాజ్ వాటా

సోల్ అంటే అమెరికాలోని నల్లజాతి చర్చి పాట బయటికొచ్చి ప్రేమగీతంగా మారిన సంగీతం. 1960, 70లలో దాని వెలుగు. 1990ల నడుమ కొందరు యువకులు ఆ పాత సోల్‌నూ, మాటల్ని దరువు మీద గుప్పించే హిప్‌హాప్ దరువునూ, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే జాజ్ సంగీతపు స్వరమేళనాలనూ కలిపారు. ఆ కలయికకు ‘నియో సోల్’, అంటే కొత్త సోల్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది కెడార్ మాసెన్‌బర్గ్ అనే సంగీత నిర్మాత. 1995లో డియాంజెలో మొదటి ఆల్బమ్, 1997లో గాయని ఎరికా బాడూ మొదటి ఆల్బమ్ ఈ పేరు కిందే అమ్ముడుపోయాయి. వాళ్లకంటే ముందే, 1993లో, మిషెల్ ఎన్‌డెగేఓచెల్లో తన తొలి ఆల్బమ్‌తో ఈ దారి తెరిచిందని చాలామంది అంటారు. ఆమె స్వయానా బేస్ వాద్యకారిణి. అది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

పేరు పెట్టింది వ్యాపారం కోసం కాబట్టి పాడేవాళ్లలో చాలామందికి అది నచ్చలేదు. నేను నియో సోల్ చేస్తానని ఎప్పుడూ చెప్పలేదు, చేసేది నల్లజాతి సంగీతం అని డియాంజెలో కూడా అన్నాడు.

మరి జాజ్ ఎక్కడుంది? మూడు చోట్ల. తీగలూ కీబోర్డూ పలికే స్వరాల కలయికలో, అంటే నేరుగా తీపిగా కాకుండా కొంచెం పులుపు కలిపినట్టుండే మేళనాల్లో. రెండోది, ముందే రాసిపెట్టుకుని కాకుండా కలిసి వాయిస్తూ పాటను కనిపెట్టే పద్ధతిలో. మూడోది మనుషుల్లో. ‘వూడూ’లో ట్రంపెట్ వాయించిన రాయ్ హార్‌గ్రోవ్ నికార్సైన జాజ్ కళాకారుడు. కొన్ని పాటల్లో చార్లీ హంటర్ ఎనిమిది తీగల గిటార్ మీద బేస్, గిటార్ రెండూ ఒకేసారి వాయించాడు. ఒక్క మనిషి రెండు చేతుల్లో రెండు వాయిద్యాలు నడుపుతున్నాడని తెలియకుండా వింటే ఇద్దరున్నారనే అనుకుంటాం.

కావాలనే వెనకబడిన దెబ్బ

ఈ ఆల్బమ్ మీద వచ్చిన పొగడ్తలూ తిట్లూ ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

న్యూయార్క్‌లో రాక్ గిటార్ వాద్యకారుడు జిమీ హెండ్రిక్స్ కట్టించుకున్న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో డియాంజెలో, డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్, మిగతావాళ్లు చాలాకాలం కూర్చున్నారు. పాత రికార్డులు వినడం, వాటి ఊపులో గంటలకొద్దీ వాయించడం, అందులోంచి పాట దొరికితే పట్టుకోవడం, ఇదీ పని. వాళ్ల మీద జే డిల్లా అనే యువకుడి ప్రభావం గట్టిది. డిల్లా దరువులు చేసే యంత్రం మీద పనిచేసేవాడు. ఆ యంత్రంలో వంకరగా పడిన దెబ్బల్ని గీత గీసినట్టు సరిచేసే సదుపాయం ఉంటుంది. డిల్లా చాలాచోట్ల దాన్ని వాడకుండా, దెబ్బల్ని అటూ ఇటూ జరిపి, మనిషి చేతి తడబాటు అలాగే ఉండనిచ్చాడు. ఆయన 2006లో చనిపోయాడు. ఆయన వాడిన యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది.

‘వూడూ’లో మనుషులే ఆ తడబాటును చేతులతో వాయించారు. లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 80 దెబ్బల పాట అనుకోండి. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య 750 మిల్లీ సెకన్లు. డ్రమ్ము సరిగ్గా పడ్డాక బేస్ 40 మిల్లీ సెకన్లు ఆగి పడిందనుకోండి. అంటే ఆ ఎడంలో ఇరవయ్యో వంతు. రెండు వేర్వేరు దెబ్బలుగా లెక్కపెట్టలేం, కానీ ఏదో వెనక్కి లాగుతున్నట్టు ఒంటికి తెలుస్తుంది. నేర్పులేని వాద్యకారుడూ వెనకబడతాడు. తేడా ఏమిటంటే ఆయన ప్రతి దెబ్బకూ ఇంకో 40 జారుతాడు. ఎనిమిది దెబ్బలు దాటేసరికి 320 మిల్లీ సెకన్లు, దాదాపు సగం దెబ్బ ఎడం వచ్చేస్తుంది, పాట విరిగిపోతుంది. నేర్పున్నవాడు ఎనిమిదో దెబ్బకూ, ఎనిమిది వందలవ దెబ్బకూ దాదాపు అదే 40 దగ్గర నిలబడతాడు. తాళం తప్పడం వేరు, తాళానికి వెనకగా ఆనుకుని నడవడం వేరు.

బతుకమ్మ ఆటలో నిలబడి విన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇరవై మంది ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడతారు. ఇరవై జతల చేతులు ఒకే క్షణంలో తగలవు. ముందు ఒకరిద్దరివి, వెంటనే మిగతావి, చివర్న ఒక పెద్దావిడది. ‘ఉయ్యాలో’ కూడా అంతే, ఎత్తుకున్నామె గొంతు వెనకాల మిగతా గొంతులు కాస్త ఆనుకుని వస్తాయి. ఆ చప్పట్టు వెడల్పుగా, వెచ్చగా ఉంటుంది. అదే పాట ఇప్పుడు డీజేలో యంత్రపు చప్పట్లతో వస్తోంది. అవి సూదిలా పడతాయి. రెండింటికీ ఆడొచ్చు. కానీ పాతదానికి ఆడినవాళ్లకు ఏదో పోయినట్టుంటుంది. ఆ పోయిందేమిటో ‘వూడూ’ వింటుంటే నాకు తెలిసింది.

2000లో సమీక్షకులు, 2020లో సమీక్షకులు

ఆల్బమ్ 2000 జనవరిలో వచ్చింది. వచ్చీరాగానే అమెరికా అమ్మకాల జాబితాలో ఒకటో స్థానానికి వెళ్లింది. ఆ ఏడే పది లక్షల కాపీలకు ఇచ్చే ప్లాటినం గుర్తింపు వచ్చింది. 2001లో ఉత్తమ ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్ అనే నల్లజాతి సంగీత శాఖ) ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు. జనానికి ఎక్కలేదు, సమీక్షకులకే ఎక్కింది అనడానికి వీల్లేదు.

అప్పటి సమీక్షల్లో మెచ్చుకున్నవే ఎక్కువ. అయినా మెచ్చుకున్నవాళ్లలోనూ ఒక గొణుగుడు ఉంది. పదమూడు పాటలకు దాదాపు 79 నిమిషాలా, పాటలకు పల్లవి గట్టిగా లేదు, కొన్ని చోట్ల రిహార్సల్ రికార్డు చేసినట్టుంది అని. మొదటి ఆల్బమ్‌లోలాంటి చక్కటి పాటల కోసం అయిదేళ్లు ఎదురుచూసినవాళ్ల నిరాశ అది. వాళ్లను తప్పుపట్టలేం. సమీక్షకుడికి ఆల్బమ్ చేతికొచ్చాక గడువు కొన్ని రోజులే. అన్ని రోజుల్లో పల్లవి గుర్తుండిపోతుంది, బేస్ గుర్తుండదు. బేస్ పట్టుబడాలంటే పదోసారి వినాలి.

రోలింగ్ స్టోన్ పత్రిక సంగీతమంతట్లో గొప్ప ఆల్బమ్‌లు అయిదు వందలు ఎంచి 2003లో జాబితా వేసింది. అందులో ‘వూడూ’ 480 దాటాక, దాదాపు తోకలో ఉంది. 2020లో అదే పత్రిక కొత్తగా ఓట్లు వేయించి వేసిన జాబితాలో 28వ స్థానంలో ఉంది. ఆల్బమ్‌లో ఒక్క స్వరం మారలేదు.

ఏం మారింది? దీనికి రెండు వివరణలున్నాయి. ఒకటి, చెవులు మారాయి. డిల్లా పద్ధతి ఈ ఇరవై ఏళ్లలో హిప్‌హాప్‌కూ జాజ్‌కూ పాకింది. 2000లో తడబాటులా వినపడింది 2020లో భాషలా వినపడుతోంది. రెండు, ఓటర్లు మారారు. ఈసారి యువకులూ, హిప్‌హాప్, సోల్ వింటూ పెరిగినవాళ్లూ ఎక్కువగా ఓటేశారు, పాత రాక్ అభిమానుల బరువు తగ్గింది. రెండూ నిజమే అనుకుంటాను. మూడో మాట అనేవాళ్లూ ఉన్నారు. పెద్దవాళ్లు గొప్పదన్నారు కాబట్టి నచ్చలేదంటే తెలివితక్కువ అనుకుంటారేమోనని తలూపుతున్నారని. అలాంటివాళ్లు కొందరు ఉంటారు. కానీ డ్రమ్మర్లు, బేస్ వాయించేవాళ్లు ఈ ఆల్బమ్‌ను కూర్చుని, ఒక్కో చోట పదిసార్లు తిప్పి తిప్పి నేర్చుకుంటారు. భయంతో ఎవరూ అంత కష్టపడరు.

మాట వినపడాలన్న మన పట్టింపు

శ్రోతల ఫిర్యాదుల్లో నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచేది మాటలు అర్థం కావన్నది. ఇంగ్లిష్ రానివాళ్ల మాట కాదు ఇది. అమెరికాలో పుట్టి పెరిగినవాళ్లే అన్నారు. డియాంజెలో తన గొంతునే పొరలు పొరలుగా చాలాసార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పరిచాడు. అందులో మాట కరిగిపోయి గొంతు ఒక వాయిద్యంలా మిగిలింది.

మన దక్షిణ తెలంగాణ చెవికి ఇది మింగుడుపడటం కష్టం. ఇది సుద్దాల హనుమంతు పాట పుట్టిన ఉమ్మడి నల్లగొండ జిల్లా. సాయుధ పోరాటంలో ఆ పాటలో ప్రతి మాటా తగలాలి, వెనక వరుసలో ఉన్న మనిషికీ తగలాలి. పాలమూరు వైపు గోరటి వెంకన్న పాటలో ఒక చెట్టు పేరో పిట్ట పేరో వినపడకపోతే పాట సగం పోయినట్టే. నాగర్‌కర్నూల్ దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది పన్నెండు మెట్ల కిన్నెర వాదనకే, కానీ ఆ కిన్నెర మోసేది కథని. పండుగ సాయన్న ఏం చేశాడో తెలియాలని జనం కూర్చుంటారు. ఇక్కడ మాట ముందు నడుస్తుంది, వాయిద్యం దానికి కావడి మోస్తుంది.

‘వూడూ’లో వరుస తిరగబడింది. కావడి మోసేవాడు ముందు, మాట వెనక. అలవాటుపడ్డ చెవికి ఇది లోపంలా వినపడటం సహజం. సమర్థించేవాళ్లు చెప్పేదీ ఉంది. డియాంజెలో తండ్రి పెంతెకొస్తు చర్చి పాస్టర్. చిన్నప్పుడే చర్చిలో కీబోర్డు వాయించిన పిల్లవాడు. ఆ చర్చిల్లో ఆవేశం పెరిగేకొద్దీ మాట తగ్గి గొంతు మిగులుతుంది. అర్థం కన్నా ముందే తాకాలన్నది ఆ పద్ధతి. నాకు ఇది అర్థమవుతుంది, గౌరవమూ ఉంది. అయినా కొన్ని పాటల్లో మాట కూడా స్పష్టంగా ఉంటే ఏం పోయేదనిపిస్తుంది. ఆల్బమ్ పొడవు విషయంలోనూ విమర్శకులతో సగం ఏకీభవిస్తాను. ఒకటి రెండు పాటలు రెండేసి నిమిషాలు ముందే ఆగొచ్చు. పాటే లేదన్న మాటతో మాత్రం ఒప్పుకోలేను. పాట ఉంది. మనం వెతికే ఎత్తులో కాకుండా అడుగున ఉంది.

వీడియో మింగిన పాట

శ్రోతల ప్రతిస్పందన గురించి చెప్పేటప్పుడు దీన్ని దాటలేం. ఆల్బమ్‌లోని ఒక నెమ్మది ప్రేమపాటకు వీడియో తీశారు. చొక్కా లేని డియాంజెలో కెమెరా ముందు నిలబడి పాడటం, అంతే. అది దేశమంతా పాకింది. కచేరీలకు వచ్చినవాళ్లలో చాలామంది బట్టలు విప్పమని అరిచేవాళ్లు. ఏళ్ల తరబడి కూర్చుని దెబ్బ ఎక్కడ పడాలో వెతికిన మనిషికి అది ఎంత కోత పెట్టి ఉంటుందో. ఆ యాత్ర తర్వాత ఆయన జనానికి దూరమయ్యాడు. తాగుడు, కేసులు, ప్రమాదం అన్నీ చూశాడు. తర్వాతి ఆల్బమ్ 2014 డిసెంబరులో గానీ రాలేదు. మధ్యలో 14 ఏళ్లు. జనం చూసింది ఒకటి, ఆయన వినిపించింది ఇంకొకటి.

జాజ్ అరలోనా, ఆర్ అండ్ బీ అరలోనా

సమీక్షల్లో కనిపించే గందరగోళానికి ఇంకో మూలం, ఇలాంటి సంగీతాన్ని ఏ అరలో పెట్టాలో తెలియకపోవడం. 2012లో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, రెండింటి పేర్లలోనూ ‘రేడియో’ ఉంది. ఒకటి పియానో వాయించే రాబర్ట్ గ్లాస్పర్‌ది, రెండోది బేస్ వాయిస్తూ పాడే ఎస్పరాంజా స్పాల్డింగ్‌ది. ఇద్దరూ జాజ్‌లో తయారైనవాళ్లే, ఇద్దరూ సోల్ కలిపారు. 2013 గ్రామీల్లో ఒకరికి ఉత్తమ ఆర్ అండ్ బీ ఆల్బమ్, ఒకరికి ఉత్తమ జాజ్ గాత్ర ఆల్బమ్ వచ్చాయి. ఆరు తీగల బేస్ వాయించే థండర్‌క్యాట్‌కు 2021లో ‘ప్రోగ్రెసివ్ ఆర్ అండ్ బీ’ అనే కొత్త పేరు కింద ఇచ్చారు. 2024లో ‘ప్రత్యామ్నాయ జాజ్’ అనే విభాగం పెట్టి, మొదటి అవార్డు 1993లో దారి తెరిచిన మిషెల్‌కే ఇచ్చారు.

అర మారితే అడిగే ప్రశ్న మారుతుంది. జాజ్ అరలో పెడితే ‘సొంతంగా విస్తరించి వాయించిందేదీ, ఒకటే మేళనం తిప్పుతున్నారే’ అంటారు. సోల్ అరలో పెడితే ‘గట్టిగా ఎత్తుకునే పల్లవేదీ’ అంటారు. హిప్‌హాప్ అరలో పెడితే ‘మాట పదునేదీ’ అంటారు. మూడు ప్రశ్నలూ వాటి వాటి చోట న్యాయమైనవే. ఈ సంగీతం మూడింటి సరిహద్దులో ఉంటుంది కాబట్టి మూడింటిలోనూ కొన్ని మార్కులు పోతాయి. స్పాల్డింగ్‌కు 2011లో ఉత్తమ నూతన కళాకారిణి గ్రామీ వచ్చినప్పుడు పోటీలో పాప్ గాయకుడు జస్టిన్ బీబర్ ఉన్నాడు. ఆయన అభిమానులు కోపంతో వికీపీడియాలో ఆమె పేజీని పాడుచేశారు. వాళ్లలో ఎంతమంది ఆమె బేస్‌ను ఒక్కసారైనా విని ఉంటారు?

మంట దగ్గర కాచిన డప్పు

డిసెంబరులో దేవరకొండ వైపు ఒక పెళ్లికి వెళ్లాం. ఎదురుకోళ్లకు ముందు డప్పు కళాకారులు వరిగడ్డి మంటేసి డప్పులు కాచారు. తోలును మంటకు చూపించడం, వేలితో తట్టి చెవి పెట్టి వినడం, మళ్లీ చూపించడం. చలికి వదులైన తోలు బిగిసేకొద్దీ గొంతు మారుతుంది. తర్వాత దరువు మొదలైంది. కుడి చేతి సిర్ర నడిమిలో పడితే ధుమ్ అని అడుగు స్వరం. ఎడమ చేతి సిటికెన పుల్ల అంచు మీద సన్నగా గలగలమని. అరగంట ఒకటే దరువు, మధ్యలో చిన్న చిన్న మార్పులు. పాట ఏదని అక్కడ ఎవరూ అడగలేదు. మేనల్లుడు చెమటలు పట్టేదాకా ఆడి, మధ్యలో రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున బస్సులో ఆ వీడియో పెట్టి చూశాడు. మళ్లీ పెట్టాడు. సిటికెన పుల్ల గలగల మాత్రమే వినపడుతోంది, సిర్ర లేదు.

“రాత్రి దమ్ము ఇందుల రాలే మామా.”

ఫోన్ జేబులో పెట్టబోయి, ఇయర్‌ఫోన్స్ తీసి చెవుల్లో పెట్టుకున్నాడు. మల్లేపల్లి దాటాక చూస్తే కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు, వేలు సీటు మీద దెబ్బ కొడుతోంది, కాస్త ఆలస్యంగా. నల్లగొండలో దిగాక ‘వూడూ’ సగం దాకా విన్నానన్నాడు.

“ఆ కింద నడుస్తున్నది దొరికింది మామా. గని ఏం పాడుతుండో మాత్రం ఇప్పటికీ తెల్వది.”